ముందు పేర్లు, తర్వాత కాగితాలు: ఇంటి పెద్ద పోయాక ఆస్తి వారసులకు చేరే క్రమం

ఇంటి పెద్ద కన్నుమూశాక దినాలు పూర్తికాకముందే ఇంట్లో ఒక ప్రశ్న మొదలవుతుంది. ఆయన పేరున ఉన్న పొలం, ప్లాటు, బ్యాంకు డబ్బు ఇప్పుడు ఎవరికి, ఎలా చేరాలి? అమెరికాలో అయితే చాలా సందర్భాల్లో కోర్టు ఒక మనిషిని నియమిస్తుంది. అప్పులు తీర్చి, మిగిలింది పంచే బాధ్యత మొత్తం అతనిదే. మన దగ్గర అలా అన్నిటికీ కలిపి ఒకే చోటు లేదు. పొలానికి తహసీల్దారు, ప్లాటుకు సబ్ రిజిస్ట్రారు, డిపాజిట్‌కు బ్యాంకు, పీఎఫ్‌కు ఈపీఎఫ్ఓ. ఎవరూ సాయపడని చోట సివిల్ కోర్టు.

ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది మాత్రం ఒకటే: వారసులు ఎవరెవరు? ఆ జాబితా పూర్తిగా, నిజాయితీగా రాసుకున్న కుటుంబానికి మిగతా పనంతా ఓపికతో అయిపోతుంది. ఒక్క పేరు వదిలేసినా, మార్పిడి చేయించుకున్న పాసుబుక్కు, రిజిస్టర్ చేయించిన దస్తావేజు పదేళ్ల తర్వాతైనా కోర్టు మెట్లెక్కుతాయి.

గండిమైసమ్మ చుట్టుపక్కల ఇది మరీ అవసరం. బాలానగర్ నుంచి నర్సాపూర్ వెళ్లే రోడ్డు, మేడ్చల్, మియాపూర్ల వైపు రోడ్లు కలిసే ఈ చౌరస్తా పరిసరాల్లో ఒక తరం కింద ఎకరాల్లో లెక్కపెట్టిన భూమిని ఇప్పుడు గజాల్లో లెక్కపెడుతున్నారు. విలువ పెరిగినకొద్దీ మరిచిపోయిన వాటాలు గుర్తొస్తాయి.

ఉదాహరణగా ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. దుండిగల్ దగ్గర ఎకరం పొలం, బహదూర్‌పల్లిలో 200 గజాల ప్లాటు, బ్యాంకులో డిపాజిట్, జీడిమెట్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం ఉన్న 55 ఏళ్ల మనిషి చనిపోయాడు. ఆయనకు ముసలి తల్లి, భార్య, ఇద్దరు కొడుకులు, పెళ్లయిన కూతురు ఉన్నారు. చిన్న కొడుకు అమెరికాలో ఉన్నాడు. వీళ్లు ఏ క్రమంలో వెళ్లాలో చూద్దాం.

మొదటి మెట్టు: మరణ ధ్రువీకరణ పత్రం

మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం పెట్టిన గడువు ఇది. ఆసుపత్రిలో చనిపోతే ఆసుపత్రే సమాచారం పంపుతుంది. ఇంట్లో చనిపోతే ఇంటివాళ్లే చెప్పాలి. 30 రోజుల వరకు ఆలస్య రుసుముతో సరిపోతుంది. ఆ తర్వాత ఏడాది లోపు అయితే పై అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు స్థాయి అధికారి ఉత్తర్వు కావాలి.

చాలామంది తడబడే విషయం ఒకటుంది. సర్టిఫికెట్ ఇచ్చేది మనిషి నివసించిన ఊరు కాదు, ప్రాణం పోయిన చోటు. గండిమైసమ్మలో ఉండే మనిషి నగరంలోని ఆసుపత్రిలో చనిపోతే నమోదు ఆ ఆసుపత్రి ఉన్న ప్రాంతంలోనే జరుగుతుంది. ఇంట్లో చనిపోతే స్థానిక పురపాలక రికార్డుల్లో చూడాలి. 2018లో ఏర్పడిన దుండిగల్ మునిసిపాలిటీ 2025 చివర్లో జీహెచ్ఎంసీలో కలిసింది కాబట్టి, పాత మరణమైతే ఏ రికార్డులో ఉందో ముందే అడిగి తెలుసుకోండి.

సర్టిఫికెట్ చేతికి రాగానే పేరు, తండ్రి పేరు, తేదీ సరిచూడండి. ఆధార్‌లో ఒకలా, పాసుబుక్కులో ఒకలా, ఇక్కడ ఇంకోలా ఉంటే ప్రతి ఆఫీసులోనూ అఫిడవిట్ రాయాల్సి వస్తుంది. తప్పును ఇక్కడే దిద్దించడం తేలిక. ప్రతులు కొన్ని ఎక్కువే తీసుకోండి.

రెండో మెట్టు: వారసుల జాబితా

అసలు పని ఇదే. హిందువులకు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుంది. వీలునామా రాయకుండా మగమనిషి చనిపోతే, ఆయన సొంత ఆస్తికి మొదటి తరగతి వారసులు కొడుకులు, కూతుళ్లు, భార్య, తల్లి. ముందే చనిపోయిన కొడుకు లేదా కూతురు ఉంటే వాళ్ల పిల్లలు కూడా అందులోకి వస్తారు. తండ్రి ఈ మొదటి తరగతిలో లేడు, తల్లి ఉంది. మనవాళ్లు తరచుగా మరిచిపోయే పేరు ఆమెదే.

మన ఉదాహరణలో పొలం ఆయన కొన్నదైతే తల్లి, భార్య, ముగ్గురు పిల్లలు కలిపి ఐదు సమాన వాటాలు. ఎకరం అంటే 40 గుంటలు కాబట్టి తలా 8 గుంటలు. రేపు ఆ ముసలమ్మ వీలునామా రాయకుండా చనిపోతే ఆమె 8 గుంటలు ఆమె వారసులందరికీ వెళతాయి. అంటే చనిపోయిన కొడుకు పిల్లలతో పాటు ఆమె మిగతా కొడుకులు, కూతుళ్లకు కూడా. ఆమె పేరు రాయకుండా దాటేస్తే బాబాయిలు, మేనత్తలు అడిగే రోజు వస్తుంది. అడిగే హక్కు వాళ్లకుంది.

పొలం పిత్రార్జితమైన ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే లెక్క మారుతుంది. మొదట తండ్రి, ముగ్గురు పిల్లల మధ్య పంపకం జరిగినట్టు భావిస్తారు. తలా 10 గుంటలు. తండ్రి వాటాలోని 10 గుంటలు మళ్లీ ఐదుగురికి, తలా 2 గుంటలు. చివరికి ఒక్కో బిడ్డకు 12 గుంటలు, భార్యకు 2, తల్లికి 2. అయితే తాత నుంచి వచ్చిందంతా ఉమ్మడి ఆస్తి అనుకోకూడదు. 1956 తర్వాత చనిపోయిన తాత సొంత ఆస్తి తండ్రికి వారసత్వంగా వస్తే అది తండ్రి సొంతమేనని సుప్రీంకోర్టు 1986లో చెప్పింది. ఈ తేడా పట్టుకోవడానికి పాత పహాణీలు, తాత మరణించిన సంవత్సరం అవసరమవుతాయి.

కూతురి విషయంలో సందేహానికి తావే లేదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. కానీ అప్పటికే పెళ్లయిన ఆడపిల్లలకు అది వర్తించలేదు. కేంద్రం చేసిన సవరణ 2005 సెప్టెంబరు 9 నుంచి ఆ గీతను చెరిపేసింది. తండ్రి ఆనాటికి బతికి ఉన్నా లేకున్నా కూతురికి పుట్టుకతోనే హక్కు ఉందని వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా పూర్తయిన పంపకాలను మాత్రం కదిలించరు. "పెళ్లప్పుడు కట్నం ఇచ్చాం కదా" అన్న మాట చట్టం ముందు నిలవదు.

ముస్లిం కుటుంబాల్లో వాటాలు షరియత్ ప్రకారం ఉంటాయి. హనఫీ పద్ధతిలో పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు, మిగిలిన దాంట్లో కూతురికి ఒక వంతైతే కొడుకుకు రెండు వంతులు. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. భార్యకు మూడో వంతు, మిగతాది పిల్లలకు సమానంగా.

మూడో మెట్టు: ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్

జాబితా సిద్ధమయ్యాక మీసేవలో దరఖాస్తు పెట్టాలి. మరణ పత్రం, సభ్యులందరి ఆధార్ కార్డులు, అఫిడవిట్ జతచేస్తారు. అది తహసీల్దారు ఆఫీసుకు వెళుతుంది. గండిమైసమ్మ వాళ్లకు ఇది దుండిగల్ గండిమైసమ్మ మండల ఆఫీసు. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, అంటే మనవాళ్లు గిర్దావర్ అని పిలిచే అధికారి, విచారించి నివేదిక ఇస్తారు. ఆ తర్వాతే పత్రం వస్తుంది.

ఈ పత్రం కుటుంబంలో ఎవరున్నారో చెబుతుంది, అంతే. ఎవరికి ఎంత వాటా, ఆస్తి ఎవరిది అన్న తీర్పు ఇందులో ఉండదు. అయినా దాదాపు ప్రతి ఆఫీసులోనూ మొదట అడిగేది ఇదే కాబట్టి, ఒక్క పేరు కూడా తప్పిపోకుండా చూసుకోవాలి.

నాలుగో మెట్టు: ఆస్తులు, అప్పుల పట్టిక

ఒక నోటుబుక్కు తీసుకుని నాలుగు గళ్లు గీయండి. ఏమిటి, ఎవరి పేరున, కాగితం ఎక్కడ, నామినీ ఎవరు. పొలం, ప్లాటు, ఇల్లు, ఖాతాలు, లాకరు, బీమా, పీఎఫ్, షేర్లు, బండి, బయట ఇచ్చిన అప్పులు అన్నీ రాయండి. తర్వాత చెల్లించాల్సినవి రాయండి. పంట రుణం, బంగారం మీద తెచ్చిన అప్పు, ఇంటి రుణం, చిట్టీ బాకీలు.

తండ్రి చేసిన అప్పుకు పిల్లల సొంత సంపాదన బాధ్యత వహించదు. వారసత్వంగా వచ్చిన ఆస్తి మేరకే అప్పు తీర్చాలి. ఎవరైనా ప్రోనోటు పట్టుకుని ఇంటికొస్తే అది గుర్తుంచుకోండి. ఇంటి రుణానికి బీమా ఉందేమో కూడా అడగండి.

ఇక్కడి పాత దస్తావేజుల్లో రంగారెడ్డి జిల్లా, కుత్బుల్లాపూర్ మండలం అని ఉంటుంది. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది కాబట్టి అలా ఉండటం సహజమే. సర్వే నంబరు, హద్దులు సరిపోతే చాలు. ప్రతి స్థిరాస్తికీ ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసుకుని, ఆయన బతికుండగా అమ్మడం, తనఖా పెట్టడం జరిగిందేమో చూడండి. పొలంలో కొంత ప్లాట్లుగా అమ్మేసినా పాసుబుక్కులో విస్తీర్ణం అలాగే మిగిలిన సందర్భాలుంటాయి. అమ్మేసిన భూమిని వారసత్వంగా రాయించుకుంటే కొన్నవాళ్లతో కొత్త కేసు తెచ్చుకున్నట్టే. రిజిస్ట్రేషన్లు నిషేధించిన 22-ఏ జాబితాలో సర్వే నంబరు ఉందో లేదో కూడా ఇప్పుడే చూడాలి.

ఐదో మెట్టు: వీలునామా ఉందా?

వీలునామా చెల్లాలంటే రాసినవారి సంతకం, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్టర్ చేయించాలన్న నిర్బంధం లేదు, చేయిస్తే బలం. కోర్టులో నిరూపించాల్సి వస్తే సాక్షుల్లో ఒకరైనా వచ్చి చెప్పాలి. ఆయన తన సొంత ఆస్తినీ, ఉమ్మడి ఆస్తిలో తన వాటానూ మాత్రమే రాయగలరు. పిల్లల వాటా రాసే హక్కు ఆయనకు లేదు. ముస్లింలు మిగతా వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి రాయలేరు.

వీలునామా నిజమైనదని కోర్టు ఇచ్చే ధ్రువీకరణే ప్రొబేట్. బ్రిటిష్ కాలపు చట్టం దీన్ని పాత బెంగాల్ ప్రాంతానికి, బొంబాయి, మద్రాసు నగరాలకు తప్పనిసరి చేసింది, ఆ నిబంధన 2025లో రద్దయింది. నిజాం పాలనలో ఉన్న మన ప్రాంతం ఆ జాబితాలో ఎప్పుడూ లేదు. అందుకే ఇక్కడ ప్రొబేట్ లేకుండానే వీలునామాతో నేరుగా ఆఫీసులకు వెళ్లవచ్చు.

కానీ వారసుల్లో ఒకరు అభ్యంతరం చెప్పినా, ఆస్తి పెద్దదై అనుమానాలకు ఆస్కారమున్నా ప్రొబేట్ తీసుకోవడం మేలు. మేడ్చల్-మల్కాజిగిరికి సొంత జిల్లా కోర్టు 2022 జూన్‌లో వచ్చింది. అంతకుముందు ఈ ప్రాంతం రంగారెడ్డి జిల్లా కోర్టు కిందే ఉండేది. అసలు వీలునామా, మరణ పత్రం, వారసుల జాబితా, ఆస్తుల విలువ, సాక్షి ధ్రువీకరణ జతచేసి పిటిషన్ వేస్తారు. కోర్టు వారసులందరికీ నోటీసులు పంపి, పత్రికలో ప్రకటన వేయిస్తుంది. ఎవరూ అడ్డు రాకపోతే సాక్షి వాంగ్మూలం తీసుకుని ప్రొబేట్ ఇస్తుంది. ఎవరైనా వ్యతిరేకిస్తే అది దావాగా మారి విచారణ సాగుతుంది. వీలునామాలో అమలు చేసే వ్యక్తి పేరు లేకపోతే ప్రొబేట్ బదులు లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ ఇస్తారు. ప్రొబేట్ ఒకసారి వచ్చాక ఆ వీలునామా నిజమా కాదా అన్న ప్రశ్న అందరి విషయంలోనూ ముగుస్తుంది. ఆస్తి అసలు ఆయనదేనా అన్న వివాదాన్ని మాత్రం ప్రొబేట్ తేల్చదు.

ఆరో మెట్టు: బీమా, పీఎఫ్, బ్యాంకు

ఇంటి ఖర్చులు ఆగవు కాబట్టి డబ్బు రూపంలో ఉన్నవి ముందు కదిలించాలి. పాసుబుక్కు ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతులకు రాష్ట్రం 2018లో తెచ్చిన రైతుబీమా కింద 5 లక్షల రూపాయలు నామినీకి వస్తాయి. వ్యవసాయ విస్తరణ అధికారిని వెంటనే కలవండి. ఉద్యోగంలో ఉండగా చనిపోతే పీఎఫ్ నిల్వతో పాటు కుటుంబ పింఛను, 7 లక్షల వరకు ఈడీఎల్ఐ బీమా ఉంటాయి. పీఎఫ్ డబ్బు తీసుకుని బీమా అడగకుండా వదిలేసే కుటుంబాలు ఉంటాయి. మూడూ కలిపి అడగాలి.

బ్యాంకుల విషయంలో రిజర్వ్ బ్యాంకు 2025 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాలు సామాన్యులకు పెద్ద ఊరట. నామినీ ఉంటే బ్యాంకు సక్సెషన్ సర్టిఫికెట్ కోసం పట్టుబట్టకూడదు. నామినీ లేకపోయినా వాణిజ్య బ్యాంకులో 15 లక్షల వరకు, సహకార బ్యాంకులో 5 లక్షల వరకు సులభ పద్ధతిలోనే ఇవ్వాలి. క్లెయిమ్ ఫారం, మరణ పత్రం, పూచీ బాండు, మిగతా వారసుల నిరభ్యంతర పత్రం లాంటి కాగితాలతోనే పని అవుతుంది. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో తేల్చాలి. ఆలస్యానికి బ్యాంకు కారణమైతే పరిహారం చెల్లించాలి. దరఖాస్తు ఇచ్చినట్టు రసీదు తప్పక తీసుకోండి, 15 రోజుల లెక్కకు అదే ఆధారం.

బ్యాంకు ఖాతాలో నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి, అంతమాత్రాన సొంతదారు కాదు. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో ఇదే చెప్పింది. డిపాజిట్‌కు పెద్ద కొడుకు నామినీ అయితే ఆ డబ్బు ఐదుగురిదీ. పదేళ్లకు పైగా ఎవరూ కదిలించని పాత ఖాతా ఏ బ్యాంకులో ఉందో తెలియకపోతే రిజర్వ్ బ్యాంకు ఉద్గమ్ పోర్టల్లో వెతకవచ్చు.

ఏడో మెట్టు: సక్సెషన్ సర్టిఫికెట్, అవసరమైతేనే

నామినీ లేని పెద్ద డిపాజిట్లు, షేర్లు, రావాల్సిన బాకీల కోసం దీన్ని కోర్టు ఇస్తుంది. భూమికి, ఇంటికి ఇది పనికిరాదు. చనిపోయినవారు మామూలుగా నివసించిన ప్రాంతంలోని కోర్టులో పిటిషన్ వేయాలి. మరణ తేదీ, నివాసం, బంధువుల పేర్లు, చిరునామాలు, రావాల్సిన మొత్తాల జాబితా అందులో ఉండాలి. నోటీసులు, విచారణ అయ్యాక, మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టించుకుని సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని చూసి డబ్బు ఇచ్చిన సంస్థకు ఇక బాధ్యత ఉండదు, అందుకే పెద్ద మొత్తాలకు దీన్ని అడుగుతారు. అన్ని ఖాతాలూ ఒకే పిటిషన్‌లో పెట్టండి. నాలుగో మెట్టులోని పట్టిక ఇక్కడ అక్కరకొస్తుంది.

ఎనిమిదో మెట్టు: పొలానికి విరాసత్

రాష్ట్ర భూరికార్డుల పోర్టల్ ధరణి ఉన్న కాలంలో వారసులు ఉమ్మడి ఒప్పంద పత్రం తెచ్చి స్లాట్ బుక్ చేసుకుంటే విచారణ లేకుండానే పేర్లు మారిపోయేవి. వదిలేసిన అక్కచెల్లెళ్లకు విషయం తెలిసే దారే ఉండేది కాదు. 2025 ఏప్రిల్ 14న మొదలైన భూభారతిలో తహసీల్దారు వారసులకు నోటీసు ఇచ్చి, విచారించి, ఉత్తర్వు ఇస్తారు. ఆ ఉత్తర్వు నచ్చకపోతే పై రెవెన్యూ అధికారులకు అప్పీలు చేసుకోవచ్చు. నోటీసు వచ్చిన వారసులు దాన్ని పక్కన పడేయకుండా జవాబివ్వాలి.

పాసుబుక్కులో పేరెక్కినంత మాత్రాన హక్కు పుట్టదు. మార్పిడి రికార్డు కోసమేనని, హక్కు తేల్చేది సివిల్ కోర్టేనని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. పేరు లేని వారసురాలి వాటా పోయినట్టు కాదు. పేరున్న వారసుడికి మొత్తం వచ్చినట్టూ కాదు.

తొమ్మిదో మెట్టు: ప్లాటు, ఇల్లు పంచుకోవడం

200 గజాల ప్లాటును ఐదుగురు ముక్కలు చేసుకోలేరు. మూడు దారులున్నాయి. అందరూ కలిసి అమ్మి డబ్బు పంచుకోవడం, ఒకరు తీసుకుని మిగతావాళ్లకు విలువ చెల్లించడం, లేదా పొలం, ప్లాటు, నగదు కలిపి మొత్తంగా లెక్కవేసి పంపకం చేసుకోవడం. మూడోది చాలా కుటుంబాలకు సరిపోతుంది.

స్థిరాస్తి పంపకాన్ని దస్తావేజుగా రాసుకుంటే దాన్ని రిజిస్టర్ చేయించాలి. ఎవరైనా తమ వాటా వదులుకుంటే దానికీ రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ కావాలి. దినాల రోజున దుఃఖంలో ఉన్న ఆడపిల్ల చేత తెల్ల కాగితం మీద సంతకం పెట్టించుకోవడం చట్టం దృష్టిలో చెల్లదు, మనిషి దృష్టిలో అన్యాయం. ఆమె ఇష్టపడి వదులుకుంటే దాని విలువ ఎంతో చెప్పి, సబ్ రిజిస్ట్రారు ముందు చేయించండి. కుటుంబ సభ్యుల మధ్య పంపకానికి స్టాంపు డ్యూటీ అమ్మకం కన్నా బాగా తక్కువ. తర్వాత ఆస్తి పన్ను రికార్డులో, కరెంటు మీటరులో పేర్లు మార్పించుకోవాలి.

అమెరికాలో ఉన్న కొడుకు రావడం కుదరకపోతే అక్కడ నోటరీ, అపోస్టిల్ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ గానీ, భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించినది గానీ పంపవచ్చు. ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు దానికి ఇక్కడి స్టాంపు డ్యూటీ కట్టాలి. వారసుల్లో 18 ఏళ్లు నిండని పిల్లలుంటే, వాళ్లకు సొంతంగా వచ్చిన స్థిరాస్తి వాటాను తల్లి కూడా కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు. అమ్మితే పెద్దయ్యాక వాళ్లు ఆ అమ్మకాన్ని రద్దు చేయించగలరు.

మాట కుదరకపోతే దావాకు ముందే లోక్ అదాలత్‌ను అడగండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.

చివరి మెట్టు: పన్ను, లెక్క

వారసత్వం మీద మన దేశంలో పన్ను లేదు, ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది. కానీ చనిపోయిన సంవత్సరం ఆయన ఆదాయానికి రిటర్ను వేయాల్సి ఉంటే, వారసుల్లో ఒకరు ఆదాయపు పన్ను పోర్టల్లో ప్రతినిధిగా నమోదై వేయాలి. వచ్చిన ఆస్తిని తర్వాత అమ్మితే లాభం మీద పన్ను పడుతుంది. సాధారణంగా ఆయన కొన్న ధరే లెక్కకు వస్తుంది కాబట్టి పాత దస్తావేజులు పారేయకండి.

అంతా అయ్యాక ఒక లెక్క రాయండి. ఎంత వచ్చింది, ఏ అప్పు తీర్చారు, దినాలకు ఎంతైంది, ఎవరికి ఏం చేరింది. వారసులందరి సంతకాలతో తలా ఒక ప్రతి ఇవ్వండి. ఇక మీ వంతు. మీ ఖాతాలన్నిటికీ నామినీలను పెట్టండి. 2025 నవంబరు నుంచి బ్యాంకు డిపాజిట్‌కు నలుగురు నామినీల వరకు పెట్టుకోవచ్చు. ఏ కాగితం ఎక్కడుందో భార్యకు, కూతురికి, కొడుకుకు, ముగ్గురికీ చెప్పండి. మీరు చేసిన ఆ నాలుగు గళ్ల పట్టిక మీ పిల్లలకు ఏడాది తిరుగుడు తప్పిస్తుంది. అందులో ఎవరి పేరూ వదలకుండా రాస్తే వాళ్ల మధ్య మాటలు నిలుస్తాయి.